పసుపు మార్కెట్లో బర్రెలు

అది 1961. ఓ దినపత్రిక రజతోత్సవ సంచికలో ఆర్మూరు విలేకరి నాగేశ్వర్ మొదటి వార్త పడింది. "ఆర్మూరులో పసుపుకు మంచి ధర" అని ఆయన రాసి పంపితే, "పశువుకు మంచి ధర" అని అచ్చయింది.

మర్నాడు పొద్దున్నే పసుపు మార్కెట్ నిండా బర్రెలే. కుప్పల మీద పేడ, దుకాణాల్లో దూడలు. నాగేశ్వర్ బస్తాల చాటున దాక్కున్నాడు.

ధర్పల్లి నుంచి వచ్చిన ముత్తెమ్మ ఆయన్ని చొక్కా పట్టి బయటికి లాగింది. "పేపర్ల రాసింది నువ్వేనా?"

"తప్పు పడ్డదవ్వా! రేపే సవరణ ఏయిస్త," అన్నాడు.

"అయ్యో, వద్దు బిడ్డా! ఒకళ్ల బర్రెలు ఒకళ్లు కొనుక్కున్నరు. తన్నే మా బర్రె గూడ అమ్ముడువోయింది."

చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"వచ్చే వారం జర మా ముసలోని గురించి గూడ రాయరాదు, ఎవలన్న తోలుకపోతరు!"