నీళ్లు తగలనివ్వకు

"గిన్నెల నీళ్లెందుకు పోసినవ్?" లక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది.

"పోయలేదమ్మా. పాకం వచ్చిందా అని చూసిన. చెంచా కొస పళ్లెంల నీళ్లల్ల ముంచిన, ఉండ కట్టలే. మళ్ల అదే చెంచాతోని కలిపిన," అని బుజ్జి సంజాయిషీ.

అప్పటిదాకా నున్నగా కరుగుతున్న చాక్లెట్ బిళ్లలు చూస్తుండగానే బిరుసెక్కి, తడిసి గట్టిపడ్డ సిమెంటులా గిన్నెకు కరుచుకున్నాయి. మాదాపూర్‌లో ఆఫీసు ఊడ్చే పక్కింటి శ్రీలత, వాళ్ల సారు అమెరికా నుంచి తెచ్చిన ప్యాకెట్ ఇస్తూ ఒకటికి పదిసార్లు చెప్పింది. వేడినీళ్ల మీద గిన్నె పెట్టి బిళ్లలు కరిగించాలి, పల్లీ ఉండలు ముంచి తీసి ఆరబెట్టాలి, లోపలికి మాత్రం చుక్క నీరు పోకూడదు. బెల్లం పాకం పట్టడమే తెలిసిన ఇంట్లో ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది?

"సగం ప్యాకెట్ మట్టిపాలు. వాళ్లు నాలుగింటికి వస్తరు."

"బజార్ల మైసూర్‌పాక్ దొరుకుతది గదా."

"చెప్పిన మాట యాది లేదా నీకు?"

మధ్యవర్తి వెంకటనారాయణ తెచ్చిన సంబంధం అది. కొత్తగా లేచిన హైటెక్ సిటీలో కంప్యూటర్ ఉద్యోగం, ఇల్లు చేరేసరికి తిని పడుకునే ఓపికే మిగలదు. అందుకని అవతలివాళ్లు అడిగింది ఒక్కటే. వంట తెలిసిన మనిషి కావాలి, పెళ్లిచూపుల రోజు ఒక తీపి స్వయంగా చేసి పెట్టాలి. ఇంతకుముందు వచ్చిన మూడు సంబంధాలూ "ఇంట్ల కూసోని మిషన్ కుట్టుడేనా" అని మూతి విరిచి బస్సెక్కి పోయినవే. ఇది కూడా తప్పిపోతే బుజ్జికి ఇక పెళ్లి కాదేమోనని లక్ష్మమ్మ భయం. ఆ భయమే నోట్లోంచి తిట్లయి వస్తోంది.

"గుండీల కాజాలు కుట్టేటప్పుడు తప్పని చెయ్యి ఇప్పుడెందుకు తప్పుతుంది? జరుగు, నేనే చేస్త."

"వద్దమ్మా. ఎట్ల చేసినవని అడిగితే ఏం చెప్పాలె? అబద్ధంతోని కాపురం మొదలుపెట్టాల్నా?"

 లక్ష్మమ్మ మిగిలిన బిళ్లలు పొడి గిన్నెలో పోసి, వేడినీళ్ల మీద పెట్టి పక్కకు జరిగింది. రెండు నిమిషాలు కాకుండానే బుజ్జి చేతిలో మూత కనిపించింది.

"మూత పెడతవా? ఆవిరి చెమర్చి చుక్క పడదా? నీ అత్త ముందల గిట్ల చేస్తే నా పెంపకాన్నే అంటరు."

"పెట్టలే గదా, పట్టుకున్ననంతే."

"పట్టుకున్నవ్ గనుకనే అంటున్న."

ఎట్టకేలకు పల్లీ ఉండలు ఒక్కొక్కటే మునిగి, నల్లగా నిగనిగలాడుతూ ఫ్యాను కిందికి చేరాయి. ఒకటి సొట్టపోయింది, రెండు ఒకదానికొకటి అతుక్కున్నాయి. అయినా లక్ష్మమ్మకు కళ్లు చెమర్చాయి. కనబడనివ్వకుండా గొంతు పెంచింది.

"పో, ముఖం కడుక్కో. పౌడర్ రాసుకో. పళ్లెం నువ్వే పట్టుకరావాలె. అడిగినదానికే జవాబు చెప్పు. పెళ్లయినంక పొద్దుగాల లేచి క్యారేజి కట్టియ్యాలె, కడతనని నీ నోటితోనే చెప్పు."

"పొద్దటిసంది ఇది ఏడోసారి చెప్పుడు."

"ఎనిమిదోసారి గూడ చెప్త. నీకు ఎక్కుతలేదు."

ఇంతలో వాకిట్లోంచి భర్త పెంటయ్య పిలిచాడు. "ఏమే, ఆటో ఆగింది. మనోళ్లే అనుకుంట."

లక్ష్మమ్మ కొంగుతో బుజ్జి చెంప మీది చాక్లెట్ మరక తుడిచి, పళ్లెం చేతికిచ్చి, గుమ్మంలోంచి తొంగి చూసింది.

తన కొడుకును చూడ్డానికి ఆటోలోంచి పెళ్లికూతురు దిగింది.