చెప్పులోడి నెత్తురు

మాలకొండమ్మ నెత్తురు తాగింది మీరయ్యా, వీధి పెద్దలూ. పురుగులు మీ తర్వాతే.

కూలోళ్ళ కాలికి చెప్పు కనబడితే మీ వీధి పరువు పోతుంది. తెల్లారితే మీరే చెంబులు పట్టుకొని సరుగుడు తోపులో కూర్చొని వస్తారు. పొద్దెక్కినాక అదే ఇసకలో, ఆ పెంట తొక్కుకుంటా, ఆడకూతుళ్ళు వట్టికాళ్ళతో మోపులు మోస్తారు. దానికి మాత్రం మీకు అసహ్యం వెయ్యదు.

చిట్టమూరు దాటి సముద్రం దిక్కుగా పోతే ఆ ఊరు. జయరామయ్య పెళ్ళాం మాలకొండమ్మకి ఆ తోపులోనే పని.

కడుపుతో ఉండాది. మొహం ఉబ్బింది. గోళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడినాయి. నాలుగడుగులేస్తే రొప్పుతుంది. కాలివేళ్ళ సందుల్లో ఒకటే దురద.

ఆస్పత్రి డాక్టరమ్మ పుష్పకుమారి మాత్రలిచ్చింది. కడుపులో పురుగులు బయటికి పడినాయి. మళ్ళీ చేరినాయి.

ఆ రోజుల్లోనే తోపు నరకడానికి గడ్డమోడు ఒకడు వచ్చినాడు. ఏ ఊరంటే సంగం దిక్కు అన్నాడు. కాళ్ళకి లారీ టైరు కోసి కుట్టుకున్న చెప్పులు. వాడు పడుకునేది వాడలోనే, తాగేది వాడలో గంజే. చెప్పులు మాత్రం తోపులో విప్పడు.

"దొరగారికి ఇసక గుచ్చుకుంటుందంట," అని నవ్వినారు. చెప్పులోడు అని పేరు పెట్టినారు.

జయరామయ్య అత్త పేరమ్మ ఒక్కతే నవ్వలేదు. రోజూ వాడికి గంజి పోసి, ఎండుచేప కాల్చి పెట్టేది.

"పరాయోడిమీద ఉండే ప్రేమ అల్లుడిమీద లేదు గదా అత్తా," అన్నాడు జయరామయ్య.

"నీకు పెళ్ళాం ఉండాది. వాడికెవరుండారు?" అంది ముసిల్ది.

ఒకనాడు డాక్టరమ్మ వచ్చి వాడలో పెద్దోళ్ళందరి నెత్తురూ సూదితో తీసుకుపోయింది. చెప్పులోడిది కూడా.

ఆ మర్నాడే చెప్పులోడు ఇంకో జత కుట్టుకొచ్చి జయరామయ్య ముందు పెట్టినాడు.

"బావా, అమ్మికి తొడిగించు. ఆ ఇసకలోనుంచే పురుగు కాళ్ళలోకి ఎక్కేది. నాకూ ఒకప్పుడు ఎక్కింది. నెల్లూరు ఆస్పత్రిలో చెప్పినారు."

"ఎవడ్రా నీకు బావ? ఎంతియ్యాల?"

"ఒక్క నయాపైసా వద్దు. తోపులో తొడుక్కోమను. వీధిలో విప్పి చేత పట్టుకోమను. అది మాత్రం మరవొద్దు."

మాలకొండమ్మ అదే మరిచింది. తల తిరగతా, నెత్తిన మోపుతో, తోపు ఆసామి పద్మనాభయ్య వాకిట్లోనుంచి చెప్పులతోనే నడిచిపోయింది.

సాయంత్రానికి జయరామయ్యకి కబురొచ్చింది.

"మీ ఆడది నా వాకిట్లో టపటపలాడించుకుంటా పోయిందంట గదా," అన్నాడు పద్మనాభయ్య, ఆకూ వక్కా నములుతా.

"ఒంట్లో బాగలేక మరిచింది సామీ."

"నేర్పినోడు ఉండాడే, వాణ్ణి తోలెయ్. లేకుంటే మీ వాడలో ఒక్కడికీ తోపులో పని లేదు."

జయరామయ్య ఆసామికి దణ్ణం పెట్టినాడు. తిరిగొచ్చి చెప్పుల జత కాలవలోకి విసిరేసినాడు. చెప్పులోడి గడ్డం పట్టి ఈడ్చి, చెంప పగలగొట్టినాడు.

"నీవల్ల వాడంతా పస్తుండాలా? పోరా యాడికన్నా."

వాడు చెయ్యెత్తలేదు.

"అమ్మిని తోపుకి పంపొద్దు బావా," అన్నాడు. కాలవగట్టెమ్మడి పోయినాడు.

పేరమ్మ గుడిసెలోనుంచి బయటికి రాలేదు.

జయరామయ్య చెయ్యి కడుక్కున్నాడు. అన్నం ముందు కూర్చుంటే ఆ చేత్తో ముద్ద ఎత్తబుద్ధి కాలేదు.

మాలకొండమ్మ మళ్ళీ వట్టికాళ్ళతో తోపుకి పోయింది. పోయి పోయి, మంచాన పడింది.

డాక్టరమ్మ వచ్చింది. ఆస్పత్రికి తీసుకుపోవాలని బండి కట్టమంది. ఊరి ప్రెసిడెంటు కూడా పద్మనాభయ్యే, ఆయన్ని వాడకే పిలిపించింది. ఆయన వచ్చి, ముక్కుకి పైపంచ అడ్డం పెట్టుకొని దూరంగా నిలబడినాడు.

"నెత్తురులో తెల్లకణాలుంటాయి ప్రెసిడెంటుగారూ. ఒంట్లోకి ఇట్లాంటి పురుగు దూరితే వాటిల్లో ఒక రకం పెరుగుతుంది. ఈ వాడలో అందరికీ పెరిగిపోయింది. తోపులో కూర్చోకుండా ఊరందరికీ మరుగుదొడ్లు కట్టించండి. వీళ్ళని చెప్పులు తొడుక్కోనివ్వండి."

"వీళ్ళ నెత్తురే అంత డాక్టరమ్మా. తాతల నాటినుంచీ పుట్టుకలోనే ఉండాది. మధ్యలో నా తోపేం చేసింది?"

"ఒక్కడి నెత్తురు మాత్రం శుభ్రంగా ఉంది. మీ తోపులో పని చేసినవాడే, ఈ వాడ గంజి తాగినవాడే. టైరు చెప్పులు తొడుక్కునేవాడు. ఏడీ అతను?"

జయరామయ్య నేల చూపులు చూసినాడు.

పద్మనాభయ్య నవ్వినాడు. "వాడా? ఏ ఊరోడో, ఏ నెత్తురో. పరాయోణ్ణి తెచ్చి వీళ్ళతో పోలిస్తే ఎట్లా?"



కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న పేరమ్మ లేచింది. ఆసామి ముందు ఏనాడూ నోరెత్తని మనిషి.

"పరాయోడు కాదు సామీ. చెప్పులు తొడుక్కొని నీ వాకిట్లో తిరిగినాడని చిన్నప్పుడు చింతబరికెతో కొట్టించి తరిమితివే, మళ్ళీ ఊళ్ళో కనబడితే నా గుడిసె పీకిస్తానంటివే, ఆ చిన్నపోలయ్య వాడు. గుడిసె పీకించుకో. నా బిడ్డ కాలికి చెప్పు కావాల, ఊరికి దొడ్లు కావాల, ఈ పొద్దే పని మొదలుపెట్టించు. వాడి నెత్తురూ ఈ మాలకొండమ్మ నెత్తురూ ఒకటే, ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళే."