పెద్దోళ్ళ ముందు కచేరి

ధనుష్ గిటారును వెల్లకిలా పడుకోబెట్టి గరిటెతో బాదాడు. తర్వాత ఖాళీ పాలక్యాను మీద సైకిల్ చైను ఈడ్చాడు. స్పీకర్లు ఆ మోతను పదింతలు చేసి కుప్పం కల్యాణమండపం గోడలకు వినిపించాయి. వినడానికి అప్పటికి గోడలే ఎక్కువగా మిగిలాయి.

దీన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారు. రాగం ఉండదు, తాళం ఉండదు. అంతా అప్పటికప్పుడు పుట్టాలి. మదనపల్లెలో పుట్టినప్పుడు జనం టీకని లేచి మళ్ళీ రాలేదు. పుంగనూరులో పుట్టినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ పేలుతోందని ఎవరో లైన్‌మన్‌కు ఫోన్ చేశారు.

కుప్పం ఆఖరి అవకాశం. ధనుష్ వాళ్ళ నాన్న మునిస్వామికి టమోటా మండీ ఉంది.

"నీ కచేరి ఇని ఒక్కరన్నా మళ్ళా రమ్మంటే నీ ఇష్టమప్పా. లేదంటే సోమారం నుంచి మండీలో కూసో" అన్నాడాయన. ఆ మాటలో బెదిరింపు లేదు, గట్టి నమ్మకం ఉంది. ధనుష్‌కు కడుపు మండింది అందుకే.

అయితే ముందు వరుసలో ముగ్గురు మాత్రం కదల్లేదు. రామకుప్పం పక్క పల్లె రైతులు. పాలక్యాను కీచుమన్నప్పుడల్లా ఒకరినొకరు చూసుకుని తలలూపారు. ఒకాయన ఫోన్‌లో రికార్డు కూడా చేసుకున్నాడు. ఈ జిల్లాలో రసికులు బతికే ఉన్నారని ధనుష్‌కు కళ్ళు చెమ్మగిల్లాయి.

కచేరి కాగానే వాళ్ళలో పెద్దవాడు శంకరప్ప దగ్గరికొచ్చాడు.

"బలే ఉండాదప్పా. రేపు మా ఊరికి వస్తావా? పెద్దోళ్ళు వస్తాండారు. వాళ్ళ ముందర వాయించాల." పెద్దోళ్ళు అనేటప్పుడు గొంతు తగ్గించి చేతులు జోడించాడు.

పేర్లు చెప్పడానికే భయపడుతున్నాడంటే కలెక్టరో, మంత్రో అయ్యుండాలి. ధనుష్ మనసులోనే మండీకి తాళం వేసేశాడు.

"ఈడ వాయించిందే ఆడా వాయిస్తావా?" అని శంకరప్ప అనుమానంగా అడిగాడు.

ధనుష్‌కు పౌరుషం వచ్చింది. "ఒకతూరి వాయించింది మళ్ళా వాయించనన్నా. అదే నా సంగీతం."

శంకరప్ప మొహం వెలిగిపోయింది. "మాకు కావాల్సిందీ అదే. ఒకే సద్దయితే రెండు దినాలకే అలవాటు పడిపోతారు."

బెంగుళూరు విమర్శకులకు ఎక్కని ముక్క రామకుప్పంలో ఎక్కింది. ధనుష్ అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశాడు. "పిలిచినారు నాయనా. పెద్దోళ్ళ ముందర కచేరి."

అవతల మునిస్వామి మాట తప్పలేదు. "సరేప్పా, నీ ఇష్టం" అని పెట్టేశాడు.

గెలిచాక మొదలైంది గుబులు. అంత పెద్దవాళ్ళు మధ్యలో లేచిపోతే పరువేం కాను?

"అన్నా, వాళ్ళకు నచ్చకపోతే?" అని మెల్లగా అడిగాడు.

శంకరప్ప నవ్వి భుజం తట్టాడు. "నచ్చకపోతేనే కదప్పా వాళ్ళు అడివిలోకి తిరుక్కోనేది, నచ్చితే తొండాలూపుకుంటా మా రాగిచేలోనే నిలబడిపోతారు."