ఓర్పయ్య ముక్కు

పాట మొదలైంది. ఓర్పయ్య ఊపిరి బిగబట్టాడు.

పక్కన నిలబడ్డ మెకానిక్ నోరు తెరిచాడు. గొంతు బావిలోంచి వచ్చినంత లోతుగా వచ్చింది. దాంతోపాటే కంపూ వచ్చింది. చచ్చిన ఎలుక మీద తడి గోనెసంచి కప్పి వదిలేస్తే వచ్చే కంపు.

చర్చి గాయకులకు పాటల పుస్తకాలు తక్కువ, ఇద్దరికొకటి. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్న స్నేహితులు గనక వీళ్లిద్దరికీ ఒకటిచ్చారు. తలా తలా ఆనించి పాడాలి. మెకానిక్ గట్టిగా పల్లవి అందుకున్నప్పుడల్లా కాగితం మీద పచ్చటి తుంపర పడేది. ఓర్పయ్య గోటి కొసతో పేజీ తిప్పి, ఆ గోటిని ప్యాంటుకు రుద్దుకునేవాడు. ప్రాక్టీసుకు వచ్చేముందే ముక్కుపుటాలకు బామ్ రాసుకునేవాడు. అయినా పల్లెత్తు మాట అనేవాడు కాదు.

స్నేహంలో సహనం గురించి పాస్టరుగారు వరసగా ప్రసంగాలు చేశారు. భరించలేని స్నేహితుడు ఎవరికైనా ఉంటే, ఈ ఏడాదంతా విసుక్కోకుండా భరించి చూడమన్నారు. ఓర్పయ్య అప్పటికప్పుడే తన మనిషిని ఎంచుకున్నాడు. లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. పేరు చెప్పను గానీ దేవుడు నా ముక్కు పక్కనే ఒక పరీక్ష పెట్టాడు, ఆయన కృపతో నెగ్గుకొస్తున్నాను అన్నాడు. జనం స్తోత్రం అన్నారు. ఓర్పయ్య అన్న పేరు ఆ రోజే అంటుకుంది. చప్పట్లు కొట్టించుకునే ఓర్పు మరి. అందరికంటే గట్టిగా కొట్టింది మెకానిక్కే. ఆ దరిద్రుడెవడో పాపం అనుకున్నాడు.

బయట పాస్టరుగారు ఓర్పయ్యను ఆపారు.

"ఆ మనిషితో మాట్లాడావా?"

"మాట్లాడేస్తే ఇంక ఓర్పేముందండీ?"

"ప్రభువు కుష్ఠురోగిని చూసి ముక్కు మూసుకోలేదు నాయనా. చెయ్యి చాపి ముట్టుకున్నాడు."

ఓర్పయ్య తలూపాడు. ఈయనకు ఆ కంపు తగిలుంటే తెలిసేది అనుకున్నాడు.

కొన్నాళ్లకు మెకానిక్ భార్య చర్చి మెట్ల దగ్గర ఓర్పయ్య కోసం కాపు కాసింది. ఆయన ఒక పక్కనే నములుతున్నాడని, నాలుక కింద పుండు మానడం లేదని, దిండు మీద నెత్తుటి మరకలు ఉంటున్నాయని చెప్పింది. ఆసుపత్రికి పదమంటే కస్సుమంటున్నాడట.

"మీరొక్క మాట చెప్పండి అన్నయ్యా. మీరు చెబితే కాదనడు. ఆ గొంతు పోతే ఆయన బతకడు."

"ఓర్చుకోమ్మా. నేను ఓర్చుకోవడం లేదూ?"

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆఖరికి మెకానిక్కే నోరు విప్పాడు. ప్రాక్టీసయ్యాక, పుస్తకం మూస్తూ.

"నోట్లో ఏదో తేడాగా ఉందిరా. మా ఆవిడ ఒకటే గోల. నేను ఒకటే చెప్పాను. వాడి మొహం మీదే కదా నోరు తెరుస్తున్నాను, ఏదన్నా ఉంటే వాడు చెప్పడా అని."

ఓర్పయ్యకు మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే వీడు నొచ్చుకుంటాడు. ఇన్నాళ్లూ పట్టిన ఓర్పంతా మట్టిగొట్టుకుపోతుంది. పైగా ఆ నోట్లోకి తొంగి చూడాల్సొస్తుంది.

జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి ఇచ్చాడు.

"ఇది చప్పరించు."

"చూశావా, ఇంతేనంటే వినదురా అది," అంటూ మెకానిక్ నవ్వాడు. ఆ నవ్వులో చిగుళ్ల వెనక నల్లగా ఏదో కనిపించింది. ఓర్పయ్య మొహం తిప్పుకుని ప్రార్థన చేసుకున్నాడు. తన కోసమే.

ఆ బిళ్లలు చప్పరిస్తూనే మెకానిక్ వానాకాలం దాటించాడు. ఒక ఆదివారం పాట మధ్యలో నోట్లోంచి నెత్తురు గడ్డలుగా పడింది. పెద్దాసుపత్రిలో సగం నాలుక, ఒక పక్క దవడ తీసేశారు. పాట పోయింది. మాటా పోయింది. ప్రాణం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఓర్పయ్య చూడ్డానికి వెళ్లిన పూటే సర్జన్ వచ్చింది. చీదరగా కేసు కాగితాలు మంచం మీద పడేసింది.

"ఇన్ని నెలల పుండు. ఇంత వాసన. ఎవరికీ చూపించలేదా?"

మెకానిక్ భార్య గోడ వైపు చూసింది. నోటికి కట్టుతో ఉన్న మెకానిక్ మెల్లగా చెయ్యెత్తి, గోడకానుకుని నిలబడ్డ స్నేహితుణ్ని చూపించాడు. ఆ కళ్లలో ఇంకా నమ్మకమే ఉంది.

మీరెవరు, ఏం చేస్తుంటారు అని సర్జన్ అడిగితే, ఓర్పయ్య గోడకు ఇంకొంచెం అతుక్కుపోయి, "పళ్ల డాక్టర్నండీ" అన్నాడు.