లవంగ తైలం

చిన్నారి వెనింగ్ మోకాలి కట్టు విప్పగానే లవంగ తైలం కంపు గుప్పున కొట్టింది.

ఎముకలో పుట్టిన అరుదైన కేన్సరది. అప్పటికే ఊపిరితిత్తులకు పాకిందని స్కాన్‌లో తేలింది.

పిల్లను బయట కూర్చోబెట్టి తండ్రి సుగిమాన్ మీద విరుచుకుపడ్డాను. "మీ ఊరు వోనోగిరిలో ఆ కట్టువైద్యుడి చేత ఎన్నాళ్లు పిసికించావయ్యా? ఆర్నెల్ల కిందటే ఇక్కడికొచ్చుంటే పిల్ల దక్కేది."

"ఆయన చెయ్యే వెయ్యలేదు డాక్టరుగారూ. ఇది నా పని కాదు, లోపలేదో పెరుగుతోంది, పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు. వెంటనే తెచ్చాం."

"మరి ఈ తైలం రుద్దమన్న వెధవెవడు?"

అతను జేబులోంచి మడతలు చిరిగిన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. 'బెణుకు. తైలంతో రోజుకు రెండుసార్లు గట్టిగా రుద్దాలి.' తేదీ ఆర్నెల్ల కిందటిది. చేతిరాత నాది.

"మీరు చెప్పినట్టే చేశామండి," అన్నాడు. "ఒక్కపూట కూడా మానలేదు."