ఒడ్డుకొచ్చిన దయ్యం

ఉత్తరాన లొఫోటెన్ దీవుల తీరంలో మేం తీస్తున్నది చవకరకం దయ్యాల సినిమా. సముద్రంలో పోయి, శవం కూడా దొరకని జాలరి డ్రౌగ్ అనే దయ్యమై తిరుగుతాడని మావాళ్ల నమ్మకం. ఆ వేషం నాది. చిరిగిన రబ్బరు కోటు, దానిమీద నిజం నాచు.

నన్ను చూసి కెవ్వుమని పారిపోయే ముసలమ్మ పాత్రకు ఆ తీరంలోని పల్లెకు చెందిన గున్వోర్ అనే ఆవిడ తనంతట తానే వచ్చింది.

నేను నీళ్లలోంచి లేచి గర్జించాను. ఆమె పారిపోలేదు. మోకాలిలోతు నీళ్లలోకి నడిచొచ్చి, నా మొహంమీది నాచు తొలగించింది.

"కట్! అది దయ్యం పెద్దమ్మా, మనవడు కాదు! భయపడండి!" అని ఒడ్డునుంచి దర్శకురాలు అరిచింది.

రెండోసారి ఏకంగా నా చెయ్యి పట్టుకుంది.

"ఏం పెద్దమ్మా, నేనంత అందంగా ఉన్నానా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు.

"మా అబ్బాయి ఐలిఫ్‌ను ఈ నీళ్లే తీసుకున్నాయి బాబూ. శవం కూడా దొరకలేదు. దయ్యమై వచ్చినా చాలనుకున్నాను. రాలేదు."

చలినీళ్లలో నిలబడి కూడా ఆమె నా చెయ్యి వదల్లేదు.

"ఆ పొద్దున 'వెళ్లొస్తానమ్మా' అని పడవెక్కాడు. ఆ మాట పట్టుకుని ఇప్పటికీ ఈ ఒడ్డునే నిలబడుతున్నాను. నువ్వొక్కసారి 'వెళ్తున్నా' అని చెప్పి వెళ్లు నాయనా."

కథలో దయ్యానికి మాటల్లేవు.

"వెళ్తున్నానమ్మా" అన్నాను.

అప్పుడు నా చెయ్యి వదిలింది.