కోట గుమ్మం దగ్గర సిపాయి

కోట గుమ్మం దగ్గర కాపలా ఉన్న రోమన్ సిపాయి వేషగాడు వచ్చినవాళ్ళందరినీ "మీరు" అన్నాడు. రోస్వితను మాత్రం "నువ్వు" అన్నాడు.

"వచ్చేశావా? బాగున్నావా?"

ఎకార్ట్‌కి అక్కడే ఒళ్ళు మండింది.

పదిహేనేళ్ళుగా పక్కింట్లో ఉంటున్న ఆవిడనే అతను ఇవాళ్టికీ "మీరు" అంటాడు. వాళ్ళ దేశంలో ఒకరినొకరు నువ్వు అనుకోవాలంటే చుట్టరికమైనా ఉండాలి, ఏళ్ళ తరబడి స్నేహమైనా ఉండాలి. ఈ సిపాయికి చూడబోతే ముప్పై నిండినట్టు లేవు. తన భార్యకు నలభై ఆరు.

"ఎవరతను?" అన్నాడు లోపలికి నడుస్తూ.

"ఫాల్కో."

"ఓహో, పేరు కూడా తెలుసన్నమాట."

"భోజనం దగ్గర అన్నీ చెప్తాను. కాస్త ఓపిక పట్టు," అని నవ్వింది రోస్విత.

ఓపిక అనేది ఎకార్ట్ ఇంటా వంటా లేదు.

అసలీ ప్రయాణమే అతనికి మొదట్నుంచీ తేడాగా ఉంది. పాత రాళ్ళంటే ఆవలించే రోస్విత, నెల రోజులుగా టౌనస్ కొండల్లో కోటకి పోదామని ఒకటే పోరు. పోనీ అది రోమన్లు కట్టిందా అంటే అదీ కాదు, వాళ్ళ పునాదుల మీద మళ్ళీ కట్టింది. ఏప్రిల్ ఎండ కాస్త తగిలిందని ఊరంతా తోటల్లో కుర్చీలు వేసుకుంటుంటే, ఈవిడ కొత్త గౌను తొడుక్కుని, పెదాలకు రంగు పూసుకుని బయల్దేరింది.

ఎవరి కోసమో ఇప్పుడు తెలిసింది.

మైదానంలో సిపాయిల కవాతు మొదలైంది. వారాంతాల్లో వేషం కట్టి మురిసిపోయే బృందం అది. ఎర్ర అంగీలు, ఇనప కవచాలు, మేకుల చెప్పులు.

కోట చుట్టూ బర్చ్ చెట్లు పుప్పొడి దులుపుతున్నాయి. రోస్విత తుమ్మింది. ఈ రెండేళ్ళుగానే ఆమెకి పుప్పొడి పడటం లేదు.

వరసలో నిలబడ్డ ఫాల్కో కూడా తుమ్మాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు.

"తుమ్మితే అంత నవ్వేంటి?" అన్నాడు ఎకార్ట్.

"నీకు తర్వాత తెలుస్తుందిలే."

తనకి తప్ప అందరికీ అన్నీ తెలుసు. పాతికేళ్ళ కాపురంలో తను ఎప్పుడైనా ఆమెనిలా నవ్వించాడా? గుర్తు రాలేదు. దాంతో ఇంకా మండింది.

కవాతు ముగిసింది. మట్టి పొయ్యి దగ్గర వేడి రొట్టెల కోసం జనం బారులు తీరారు.

"నువ్వు ఈ బల్ల దగ్గరే ఉండు. ఫాల్కో వస్తాడు. నేను ముగ్గురికీ రొట్టెలు తెస్తాను," అని రోస్విత వెళ్ళింది.

ఫాల్కో రానే వచ్చాడు. ఇనప టోపీ తీసి చంకలో పెట్టుకుని చెయ్యి చాపాడు.

ఎకార్ట్ ఆ చెయ్యి అందుకోలేదు.

"మా ఆవిడ మీకెలా తెలుసు?"

"అది తనే చెప్తానంది. చెప్పనని మాటిచ్చాను."

"మాటలిచ్చుకునే దాకా వచ్చిందా. ఎన్నాళ్ళుగా నడుస్తోంది?"

"ఫోన్లో మాట్లాడుకున్నాం, ఫొటోలు పంపుకున్నాం. ఎదురుగా చూడటం ఇవాళే."

"ఇవాళే చూసిన ఆడమనిషిని నువ్వు అంటారా మీ ఇళ్ళల్లో?"

ఎకార్ట్ ఇంకా రెచ్చిపోయాడు. ఈసారి మర్యాద కూడా వదిలేశాడు.

"చూడబ్బాయ్. రెండేళ్ళ కిందట తను చావుబతుకుల్లో ఉంది. ఒంట్లో రక్తం మొత్తం పాడైపోయింది. జుట్టంతా ఊడిపోయింది. ఆస్పత్రిలో గాజు తలుపుకి ఇవతల కుర్చీలో కూర్చుని, కంటి మీద కునుకు లేకుండా కాపలా కాసింది నేను. అప్పుడెక్కడున్నావ్ నువ్వు?"

"నేనక్కడ లేను. నిజమే."

"మరి ఇప్పుడు లేచి తిరుగుతోందని తెలిసి నవ్వించడానికి వచ్చావా?"

"ఎలా ఉందో ఒక్కసారి చూడాలనిపించింది. అంతే."

"చూశావుగా. ఇక దయచెయ్. మా ఇద్దరి మధ్య నీకేం పని లేదు."

ఫాల్కో పొయ్యి వైపు చూశాడు. రోస్విత ముందున్న ముసలాయనతో ఏదో చెప్పి నవ్వుతోంది. ఎండకి బుగ్గలు ఎర్రబడ్డాయి.

"బాగుంది," అన్నాడు తనలో తనే అనుకుంటున్నట్టు. కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు తనకి చాలా చేశారు. వస్తానండీ."

గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. అతనెక్కిన బృందం వ్యాను కొండ దిగడం ఎకార్ట్ కళ్ళారా చూశాడు. చాలా రోజుల తర్వాత ప్రాణం హాయిగా ఉందనిపించింది.

రోస్విత మూడు రొట్టెలతో వచ్చింది.

"ఫాల్కో ఏడి?"

"పంపించేశాను."

"ఎక్కడికి?"

"వచ్చిన చోటికే."

జరిగిందంతా చెప్పాడు. కొంచెం గొప్పగానే చెప్పాడు.

రోస్విత రొట్టెలు బల్ల మీద పెట్టి కూర్చుండిపోయింది.

"ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వెక్కడున్నావ్ అని అడిగావా? అతన్ని?"

"అడిగాను. అక్కడ లేనని ఒప్పుకున్నాడు."

రోస్విత మూడో రొట్టెను పక్కకి జరిపింది.

"రెండేళ్ళు నిండేదాకా ఆస్పత్రివాళ్ళు పేరు చెప్పరు, ఎకార్ట్. పద్ధతి అది. పోయిన నెలే చెప్పారు. మొదటిసారి చూసినప్పుడు నువ్వు నా పక్కన ఉండాలనుకున్నాను."

ఎవరి పేరు అని అడగబోయి ఎకార్ట్ ఆగిపోయాడు.

రోస్విత అతని చెయ్యి తీసుకుంది. వేళ్ళను తన మణికట్టు మీద, నాడి కొట్టుకునే చోట ఆనించింది.

"ఇక్కడ పారుతున్న రక్తమంతా, ఆ తుమ్ములతో సహా, ఆ అబ్బాయి తన ఎముకల్లోంచి మూలుగ తీసిస్తే పుట్టింది."